ఫిల్మ్ అంచుకు రెండు వేళ్ల కింద

పోశవ్వకు తొంటి విరిగిందన్న సంగతి, అది విరిగిన నాలుగో రోజుకే నాకు తెలుసు. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, ఆమెను నడిపించమని నా నోటితో నేనే అన్నాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి భివండిలో మావాళ్లు ఆ నింద ఇంకొకరి మీద వేశారు. నేను వింటూ ఊరుకున్నాను. ఈ మాట ముందే రాసేస్తున్నాను. మిగతాది చదివి, పాపం ఎంత భయపడ్డాడో అని ఎవరూ నా మీద జాలిపడకూడదు.

ఇక దయ్యాల విషయం. నాకు వాటి మీద ఎన్నడూ నమ్మకం లేదు. నేను ఎముకల దవాఖానలో ఎక్స్‌రే తీసేవాణ్ణి. రోజంతా మనుషుల ఎముకలు చూడటమే పని. ఫిల్ములు కడిగే చీకటి గదిలో ఒంటరిగా గంటలు గంటలు నిలబడేవాణ్ణి. ఒక్కరోజు కూడా ఒళ్లు జలదరించలేదు. మా అమ్మ అమావాస్యకు గుమ్మానికి నిమ్మకాయ కడితే నవ్వేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేదంతా కూడా పట్టపగలే జరిగింది.

మాది కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబం. మా నాన్న మహారాష్ట్రలో భివండి ఊళ్లోని కనేరిలో సాంచెలు నడిపేవాడు. మరమగ్గాలను మావాళ్లు సాంచెలే అంటారు. నేను పుట్టింది భివండిలో, చదివింది మరాఠీ బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం కానీ నా తెలుగు ఇంటి గడప దాటేది కాదు. అన్నం, నీళ్లు, డబ్బులు, కోపం, వీటికి సరిపడా మాటలుండేవి. ఒంట్లో నొప్పులన్నీ నాకు హిందీలోనే తెలుసు.

తొంభైల చివరలో, శాంతి నగర్ దగ్గర ఒక ఎముకల డాక్టర్ దవాఖానలో నాకు ఉద్యోగం దొరికింది. మా ఇంట్లో ఒంటి మీద దూది నూగు లేకుండా సాయంత్రం ఇంటికొచ్చిన మొదటి మనిషిని నేనే. నా ముందు అక్కడ పనిచేసినతను ఒకరి కుడి చేతికి బదులు ఎడమ చేతికి ఫిల్మ్ తీశాడని డాక్టర్ ఆ పూటే పంపేశాడు. ఆ సంగతి నాకు మొదటిరోజే చెప్పారు.

డాక్టర్ మరాఠీ మనిషి. కోపం ఎక్కువ, చెప్పే ఓపిక కూడా ఎక్కువే. ఆయన టేబుల్ మీద తొంటి కీలు నమూనా ఒకటి ఉండేది. తుంటి అని పుస్తకాల్లో రాస్తారే, అదే. అప్పట్లో నాకు తెలిసింది కూల్హా అనే దాని హిందీ పేరు ఒక్కటే. రోగులు లేనప్పుడు దాన్ని నా చేతికిచ్చి వివరించేవాడు. కటి ఎముకకు పక్కన లోతైన గిన్నెలాంటి గుంట ఉంటుంది. తొడ ఎముక పైకొన గుండులా ఉండి ఆ గిన్నెలో కూర్చుంటుంది. గుండుకు కింద సన్నటి మెడ. ఆ మెడ చుట్టూ గట్టి పట్టీలు మెలితిరిగి ఉంటాయి. ఎముకను ఎముకతో కట్టేవి అవే. ముందువైపు పట్టీ తలకిందులైన వై అక్షరంలా ఉంటుంది, మనిషి ఒంట్లోకెల్లా బలమైన కట్టు అదేనట. నిటారుగా నిలబడితే ఈ పట్టీలన్నీ మెలి బిగుసుకుంటాయి, కూర్చుంటే వదులవుతాయి. అందుకే మనం పెద్దగా కష్టపడకుండా నిలబడగలుగుతున్నాం. గిన్నె అడుగు నుంచి గుండు నెత్తికి ఒక చిన్న పోగు కూడా ఉంటుంది.

నాకు అది వెంటనే అర్థమైంది. కండె మీద నూలు చుట్టుకున్నట్టే కదా అనుకున్నాను. మా వాడలో ఆడవాళ్లందరూ చేసే పని కండెలు చుట్టడమే.

"కానీ ఒకటి గుర్తుంచుకో, ఈ పట్టీలు ఎక్స్‌రేలో కనబడవు. ఎముకే కనబడుతుంది. నల్లగా ఉన్నచోట ఏమీ లేదనుకోకు" అనేవాడు డాక్టర్.

పోశవ్వ మా చాళీలోనే, అంటే ఒకే వరండా మీద వరుసగా గదులున్న ఇంట్లోనే, నాలుగు గదుల అవతల ఉండేది. అరవై దాటిన మనిషి. కండెలు చుట్టడంలో ఆమె చేతికి తిరుగులేదు. తెగిన పోగును చూడకుండానే ముడివేసేది. కొడుకు శంకరన్న సాంచె కార్మికుడు. కోడలు పద్మక్క. అత్తాకోడళ్లు రోజంతా ఒకరినొకరు దెప్పుకుంటూ, ఒకే గిన్నెలో తినేవారు.

ఒకరోజు పొద్దున పోశవ్వ మోరీలో, అంటే గది మూలన స్నానం చేసే గచ్చు మీద, జారి కుడిపక్కకు పడింది. శంకరన్న, పద్మక్క ఆటోలో మా దవాఖానకే తీసుకొచ్చారు. బయట జనం నిండి ఉన్నారు. పోశవ్వ దుప్పటి కప్పుకుని పడుకుంది. డాక్టర్ చెయ్యి వేయబోతే చీర గట్టిగా పట్టుకుంది.

"మొగోని చెయ్యి ముట్టనియ్య. నీకు దండం పెడత బిడ్డా, ఆయనకు చెప్పు. తొంటి పోయిందని చెప్పు" అంది నాతో.

"క్యా బోల్‌రీ హై?" అని డాక్టర్ అడిగాడు.

తొంటి అనే మాట నేను చాలాసార్లు విన్నాను. పనిచేసి పనిచేసి తొంటి వడిందని మా అమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని అనేది. అందుకే తొంటి అంటే నడుము అనుకున్నాను. "కమర్, సాబ్. కమర్ కీ హడ్డీ" అన్నాను.

పోశవ్వ రెండు అడుగులు వేయగలిగింది కూడా. తొడ ఎముక మెడ విరిగినా కొన్నిసార్లు ముక్కలు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, అప్పుడు మనిషి కాస్త నిలబడగలడు. ఇది నేను తర్వాత తెలుసుకున్నాను. డాక్టర్ నడుముకు ఫిల్మ్ తీయమన్నాడు. చీటీ మీద కమర్ అని రాసింది నేను.

బల్ల మీద పడుకోబెట్టాక ఆమె నడుముకు కట్టుకున్న చిన్న సంచి తీయమన్నాను. తీయనంది. అందులో సందూకు తాళంచెవి ఉందట.

"కోడలు దొంగతనం చేస్తదనా?" అని నొప్పిలో ఉన్న మనిషిని నవ్వించబోయాను.

"ఔ మరి, అది నా ఉప్మా రవ్వ గూడ ఇడువది" అంది. గుమ్మం దగ్గరున్న పద్మక్క, "ఇగో, సచ్చెటట్టు మూలిగినా నన్ను తిట్టుడు మాత్రం మరువది" అంది. ముగ్గురం నవ్వాం.

ఫిల్ములో వెన్నుపూసలు శుభ్రంగా ఉన్నాయి. కింద కుడి మూలన, సరిగ్గా అంచు దగ్గర, ఆ తాళంచెవి తెల్లగా పడింది. దాని పళ్లలో ఒకటి విరిగి ఉంది. తొంటి కీలు అంచుకు రెండు వేళ్ల కింద ఉండిపోయింది. ఎముకలేమీ విరగలేదు, నాలుగు రోజులాగి మెల్లగా నడిపించండి అని డాక్టర్ అంటే, దాన్ని నేనే తెలుగులో చెప్పాను.

నాలుగో రోజు అన్నం తింటుండగా మా అమ్మ అడిగింది.

"పోశవ్వ తొంటి వట్టుకుని ఏడుస్తుంటే, దానికి నడుం ఫోటువ ఎందుకు తీసిండ్రురా?"

"రెండూ ఒకటే గదా" అన్నాను.

"ఎవలు చెప్పిండ్రు నీకు? ఇగో, ఇది నడుము. తొంటి అంటే ఇది" అని లేచి నిలబడి, కాలు తిరిగే చోట చేత్తో చరిచి చూపించింది. "భివండిల పుట్టినోనికి తెలుగు ఏడ వస్తది" అని నవ్వింది.

చెయ్యి కడుక్కుని పోశవ్వ ఇంటివైపు నడిచాను. చెప్పేద్దామనే బయలుదేరాను.

చాళీ వరండాలో పద్మక్క అత్తను భుజం కింద చెయ్యివేసి నడిపిస్తోంది. పోశవ్వ కుడికాలు పాదం కొంచెం బయటికి తిరిగి ఉంది. ఆ ఎముక మెడ విరిగిందనడానికి డాక్టర్ నమూనా పట్టుకుని నాకు చూపించిన గుర్తు అదే. నన్ను చూసి పద్మక్క ఆగింది.

"తమ్మీ, గట్ల మొత్తుకుంటుంది. నాకు బుగులైతుంది. డాక్టర్ నడిపియ్యుమన్నడు గదా? నడిపియ్యాల్నా, వద్దా?"

నా ముందు పనిచేసినతను, చెయ్యి మారిన ఫిల్మ్, ఆ పూటే పోయిన ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. రేపు డాక్టర్‌కు ఇంకోలా చెప్పి మళ్లీ ఫిల్మ్ తీయిస్తానని మనసులో అనుకున్నాను.

"నడిపియ్యి అక్కా, ఏం కాదు" అన్నాను.

పోశవ్వ నా ముఖంలోకి చూసింది. "తొంటి, కొడుకా" అంది. తిట్టలేదు, గట్టిగా కూడా అనలేదు. చిన్నపిల్లవాడికి మాట నేర్పినట్టు అంది.

రేపు చెబుదామనుకున్నది మర్నాడూ చెప్పలేదు, ఆ మర్నాడూ చెప్పలేదు. పదో రోజున వరండాలో పద్మక్క చేతుల్లోనే పోశవ్వ కూలబడింది. ఇరుక్కుని ఉన్న ముక్కలు జారిపోయాయి. ఠాణే ఊళ్లోని పెద్దాసుపత్రికి తీసుకెళితే తొంటి మెడ విరిగిందన్నారు. ఆపరేషన్‌కు గుండె తట్టుకోదన్నారు. మొదటి ఫిల్ములో ఏమీ లేదు కదా, మరి ఎప్పుడు విరిగింది? అందరికీ ఒకటే జవాబు దొరికింది. కోడలు బలవంతంగా నడిపించి విరగ్గొట్టింది. కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి, తోసేసింది అన్నారు. ఆ ఫిల్మ్ నడుముకు తీసిందన్న మాట మా అమ్మ మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. శంకరన్న ఆ మాట అనలేదు కానీ కాదని కూడా అనలేదు. పోశవ్వ ఏడు నెలలు మంచంలో ఉండి చనిపోయింది. పుండ్లు కడిగింది, ఎత్తి పోసింది అంతా పద్మక్కే. అయినా దినాల రోజు ఆమె వడ్డిస్తే ఇద్దరు ముసలమ్మలు ముద్ద ముట్టకుండా లేచిపోయారు. నేను ఆ పంక్తిలోనే కూర్చుని తిన్నాను.

మా దగ్గర పోశవ్వ తొంటికి ఎప్పుడూ ఫిల్మ్ తీయలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఆమె పోయిన ఏడాదికి, టెంఘర్ నుంచి ఒక యూపీ కుర్రాడు నడుము నొప్పితో వచ్చాడు. చీటీ మీద కమర్ అని రాశాను. నడుముకే గురిపెట్టి తీశాను. చీకటి గదిలో ఎర్రదీపం కింద ఫిల్మ్‌ను మందునీళ్లలో ముంచి కదుపుతుంటే, బొమ్మ మెల్లగా తేలింది. అవి వెన్నుపూసలు కావు. కుడి తొంటి కీలు. గిన్నె, గుండు, మెడ. మెడ దగ్గర అడ్డంగా విరుగు. ఎముక ముసలి ఎముక, పలుచబడి ఉంది. పక్కన, కొంచెం వాలుగా, పన్ను విరిగిన తాళంచెవి.

ఫిల్ములు కలిసిపోయాయని మొదట అనుకున్నాను. కానీ పై మూలన నేను పెట్టిన సీసపు అంకెలు ఆ కుర్రాడి నంబరే చూపిస్తున్నాయి. అతని దగ్గర తాళంచెవి లేదు. ఫిల్మ్ పాడైందని చెప్పి మళ్లీ తీశాను. ఈసారి మామూలుగా వచ్చింది. మొదటిదాన్ని ఎందుకో పారేయలేకపోయాను. ఖాకీ కవర్లో పెట్టి దాచాను.

రెండోది మూడు నెలలకు. కనేరి ఆమె, నలభై ఏళ్లుంటాయి, మళ్లీ నడుమే. మళ్లీ అదే తొంటి, అదే తాళంచెవి. ఈసారి మెడ చుట్టూ సన్నటి తెల్లని గీతలు కూడా ఉన్నాయి. ముందు గీతలు పడ్డాయనుకున్నాను. వెలుతురు పెట్టె మీద పెట్టి చూస్తే అవి పోగులు. మెలితిరిగి మెడను చుట్టుకుంటూ పోతున్నాయి. ముందువైపు తలకిందులైన వై ఆకారం స్పష్టంగా ఉంది. ఫిల్ములో ఎన్నడూ కనబడవని డాక్టర్ చెప్పిన పట్టీలు.

నేను దాచేలోగా డాక్టర్ గదిలోకి వచ్చాడు. చాలాసేపు చూశాడు. చివరికి, "యే కహాఁ సే లాయా?" అన్నాడు. ఇప్పుడే తీశానన్నాను. నా ముఖం చూసి, మళ్లీ ఫిల్మ్ చూసి, "ఎవరికీ చూపించకు. అవతల పెట్టు" అని వెళ్లిపోయాడు. దాని గురించి తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఆయన చూశాడు కాబట్టే ఇది నా కళ్ల భ్రమ కాదని చెప్పగలుగుతున్నాను.

మూడోదానికి రోగి కూడా లేడు. మధ్యాహ్నం పూట మందునీళ్లు కొత్తగా కలిపాను. సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడటానికి, అప్పుడే సీలు తీసిన డబ్బాలోంచి ఒక ఫిల్మ్ తీసి, ఎక్స్‌రే తగలనివ్వకుండా నేరుగా ముంచాను. అలాంటి ఫిల్మ్ ఏ బొమ్మా లేకుండా రావాలి. మామూలుగా అలాగే వస్తుంది.

నీళ్ల కింద మొదట తాళంచెవి తేలింది. తర్వాత గిన్నె, గుండు. తర్వాత పోగులు. ఈసారి అవి చిక్కగా, వరుస తప్పకుండా, నిండు కండెలా మెడ చుట్టూ ఉన్నాయి. విరిగినచోట కూడా చుట్టి ఉన్నాయి. అంత నేర్పుగా చుట్టే చెయ్యి మా చాళీలో ఒక్కటే ఉండేది. ఒక్క పోగు కొస మాత్రం ముడివేయకుండా కిందికి వేలాడుతోంది.

భయం వేసిందా అంటే, వేసింది. కానీ దానికంటే ముందు సిగ్గేసింది. ఆ చిన్న గదిలో నా ఎదురుగా ఎవరో ఓపిగ్గా కూర్చుని, నేను మాట సరిగ్గా పలికేదాకా చూస్తున్నట్టు అనిపించింది. ఎర్రదీపం కింద నేను పైకి "తొంటి" అన్నాను. ఏమీ జరగలేదు. బయట సాంచెలు ఎప్పటిలాగే కొట్టుకుంటున్నాయి.

ఆ ఒక్క మాట చీకటి గదిలో ఒంటరిగా అంటే సరిపోదని నాకు తెలుసు. అయినా ఇంకో నాలుగేళ్లు మెదలకుండా ఉన్నాను.

ఈ ఫిల్ముల సంగతి ఇక్కడితో ముగిస్తాను. అలాంటిది మళ్లీ రాలేదు. మూడూ ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. ఇద్దరు తోటి పనివాళ్లకు చూపించాను. ఒకతను డబ్బాలోనే ఫిల్మ్ పాడై ఉంటుందన్నాడు. పాడైతే మసకబారుతుంది, తాళంచెవి పడదు. ఇంకొకతను చూసి, వాటిని ఇంట్లో పెట్టుకోవద్దన్నాడు. మనసులో తప్పు పెట్టుకున్నవాడికి అలాగే కనబడుతుందని అనుకోవచ్చు. నేనూ అలాగే అనుకోవాలని చాలా ప్రయత్నించాను. కానీ డాక్టర్ మనసులో ఏ తప్పూ లేదు. సీలు తీసిన డబ్బా నా మనసులో లేదు, నా చేతిలో ఉంది. నాకు ఇప్పటికీ దీనికి జవాబు తెలియదు.

నాలుగేళ్ల తర్వాత ఒక శుక్రవారం. సాంచెలు బంద్ ఉన్న రోజు. మా పక్కగది ముసలామె గుమ్మం దగ్గర తూలి కూర్చుండిపోయింది. దెబ్బేమీ తగల్లేదు. నేను ఒకవైపు పట్టుకుని, అటు వెళ్తున్న పద్మక్కను ఇంకోవైపు పట్టమన్నాను.

ఆమె రెండు చేతులూ కొంగులో దాచుకుని గోడకు జరిగింది.

"నేను పట్ట తమ్మీ. ఇంకెవలనన్న పిలువు. నా చేతులు మంచియి కావు. వీటితోని ఒకలను నడిపిచ్చి నడిపిచ్చి సంపిన."

అప్పటిదాకా నేను, జనం ఆమెను అంటున్నారనే అనుకున్నాను. ఆమె కూడా అదే నమ్ముతోందని నాకు తట్టనే లేదు. ముసలామెను కూర్చోబెట్టి ఇంటికి వెళ్లి, దవాఖాన నుంచి ఎప్పుడో తెచ్చి దాచుకున్న పోశవ్వ మొదటి ఫిల్మ్ బయటికి తీశాను. ఆమె పడ్డరోజు నేను తీసిన నడుము ఫిల్మ్. మిగతా మూడూ తీయలేదు. దయ్యాన్ని అడ్డం పెట్టుకుని క్షమించమని అడగడం నాకు ఇష్టం లేదు.

పద్మక్క గదిలో శంకరన్న కింద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. బంద్ రోజు కాబట్టి వరండా నిండా మనుషులున్నారు. తలుపు తీసి ఉంచమన్నాను. వాళ్లకూ వినబడాలన్నాను. ఫిల్మ్‌ను గుమ్మంలోని వెలుతురుకు అడ్డంగా పట్టుకుని, తాళంచెవి చూపించాను. దాని కింద, ఫిల్మ్ అయిపోయిన చోట, ఖాళీ గాల్లో రెండు వేళ్లు పెట్టాను.

"తొంటి ఇక్కడున్నది. ఇది నేను తియ్యలే. అప్పటికే ఇరిగున్నది, ఆమె పడ్డనాడే" అన్నాను. నాలుగో రోజు మా అమ్మ చెప్పింది, వరండాలో నేనన్నది, అన్నీ వరుసగా చెప్పాను. శంకరన్న గ్లాసు కింద పెట్టాడు.

పద్మక్క నా ముఖం వైపు చూడలేదు. ఫిల్మ్ కింద నా వేళ్లున్న ఆ ఖాళీనే చూస్తోంది.

"నేను అడిగిననాడు నువ్వు నడిపియ్యద్దంటే, మా అత్త లేచి తిరుగుతుండెనా?" అంది.

"తిరుగుతుండె అక్కా. ఆనాడు ఆపరేషన్ అయితే తిరుగుతుండె."

ఆమె కొంగులోంచి చేతులు బయటికి తీసి, ఎవరివో అన్నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"నీ చేతులది ఏం తప్పు లేదక్కా. తొంటి అంటే నాకు తెల్వకుండె. తెలిసినంక గూడ నౌకరి పోతదని నోరు మూసుకున్న. నువ్వు అడిగితే అబద్ధం చెప్పిన. నీ అత్తను నువ్వు సంపలే, నేను సంపిన. నన్ను మాఫ్ చెయ్యి."